అంటని దద్దుర్లు

వీరవేణికి మొదటి దద్దురు కుడిచేతి మణికట్టు మీద లేచింది, ఇస్త్రీ చేస్తుండగా. దోమ కుట్టిందనుకుంది. బహ్రెయిన్‌లో ఈ బుదైయా వైపు తోటలెక్కువ, దోమలకి లోటు లేదు. గోటితో నాలుగు గీకులు గీకి ఇంటాయన తెల్ల తోబు మీద ఇస్త్రీపెట్టె నడిపించింది. ఆ పొడుగు చొక్కా మడత పెట్టేలోపు దద్దురు మోచేతి దాకా పాకింది. రెండో చొక్కా అయ్యేసరికి మెడ మీద, నడుం చుట్టూ, తొడల మీద లేచాయి. రూపాయి బిళ్ళంతవి కొన్ని, అరచేయంతవి కొన్ని, ఎర్రగా, దళసరిగా. బాత్రూంలోకి పోయి తడి తువ్వాలు చుట్టుకుని కూచుంది. మధ్యాహ్నానికి ఒంటి మీద ఆనవాలు కూడా లేదు. నిజంగా లేచాయా, నేనే కలగన్నానా అని తనకే అనుమానం వచ్చింది.

మర్నాడు మళ్ళీ లేచాయి. ఆ తర్వాత రెండు రోజులు లేవు. మూడో రోజు వీపంతా లేచాయి. జనవరిలో మొదలైన ఈ వరస రెండు నెలలు సాగింది. ఎప్పుడొస్తాయో తెలీదు, ఎందుకొస్తాయో తెలీదు. వచ్చినప్పుడు మాత్రం ఒంటి మీద బట్ట నిలవనిచ్చేవి కావు.

వీరవేణిది రాజోలు అవతల ఒక లంక గ్రామం. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి. బహ్రెయిన్ వచ్చి ఆరేళ్ళయింది, అందులో ఐదేళ్ళు ఈ ఇంట్లోనే. ఇంట్లో ముసలావిడ ఉమ్ ఖలీల్, ఆవిడ కొడుకు, కోడలు నూరా, ఇద్దరు బళ్ళోకెళ్ళే పిల్లలు, ఏడు నెలల పాప. ముసలావిడని వీరవేణి మామా అనేది, కోడల్ని మదాం అనేది. వాళ్ళకి ఇంత పేరు నోరు తిరక్క వీణా అని కుదించుకున్నారు.

మొగుడు సోమరాజు కూడా ఈ దేశంలోనే ఉన్నాడు. అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ దగ్గర కాంట్రాక్టరు కింద పని, క్యాంపులో పడక. ఆవిడ దీవికి ఆ చివర, ఆయన ఈ చివర. శుక్రవారం శుక్రవారం మనామాలో కలుసుకుని, ఓ తెలుగాయన హోటల్లో భోంచేసి, సాయంత్రం బస్సుల్లో ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

ఇంట్లో తెలియనివ్వకూడదని వీరవేణి పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది, మెడకి చున్నీ బిగించి చుట్టుకుంది. చెప్పుకున్నది ఇద్దరికే. ఒకరు సోమరాజు. రెండోది పక్క విల్లాలో పనిచేసే లూర్దుమేరి. ఇద్దరూ చెరో వైద్యం మొదలెట్టారు.

"ఎండు రొయ్యలు వేడే. మానెయ్యి," అన్నాడు సోమరాజు.

"వంకాయ దురద పుట్టిస్తాదక్కా. గోంగూర అసలే వద్దు. గుడ్డు కూడా ఆపు," అంది లూర్దుమేరి. మరుసటి వారం ఆ జాబితాలో వేరుశెనగ చేరింది, ఆ పై వారం చేప. వీరవేణి అన్నీ మానేసింది. గోదారి పాయ పక్కన పుట్టి పెరిగిన మనిషి మూడు వారాల పాటు పెరుగన్నం, ఉడికించిన బీరకాయ తిని బతికింది. పెరుగన్నం తిన్న రోజున కూడా దద్దుర్లు లేచాయి. మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది.

"నోరు కట్టేసుకున్నాను, అయినా ఒళ్ళు ఊరుకోవట్లేదు. మరి రొయ్య చేసిన పాపం ఏంటండీ?" అని సోమరాజుని నిలదీసింది. ఆయన "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అని బస్సెక్కాడు.

రంజాన్ నెల సగంలో ఉండగా ఒక పొద్దున వీరవేణి నిద్ర లేచేసరికి పై పెదవి వాచి ముక్కుని తాకుతోంది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంది. దాన్ని ఏ చున్నీతో దాస్తుంది? పాపకి పాలు పట్టడానికి హాల్లోకి రాగానే నూరా ఆ మొహం చూసి ఒక్క అంగలో వచ్చి పాపని లాక్కుంది.

"ఏమిటిది? ఏం రోగం ఇది? ఎన్నాళ్ళనించి?"

వీరవేణికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రెండు నెలల నించి మదాం. దద్దుర్లు. వస్తాయి, పోతాయి."

"రెండు నెలలు! చెప్పకుండా నా పిల్లల్ని ఎత్తుకుంటున్నావా?"

నూరా చెడ్డమనిషి కాదు. వీరవేణికి జ్వరమొస్తే తనే సూప్ కాచి ఇచ్చిన మనిషి. కానీ ఆ రోజు భయం ఆవిణ్ణి పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా వీరవేణి కంచం, గ్లాసు, చెంచా వేరయ్యాయి. స్టోర్ రూంలో సబ్బుపెట్టెల పక్కన ఒక ప్లాస్టిక్ బుట్టలో పెట్టారు. పాపని ముట్టుకోవద్దన్నారు. పెద్దపిల్లలు ఆవిడ ఎదురైతే గోడకి ఆనుకుని తప్పుకోవడం నేర్చుకున్నారు. ఐదేళ్ళు ముడ్లు కడిగిన పిల్లలు. మామా ఒక్కతే ఎప్పట్లా కాళ్ళు చాపి, "వీణా, నూనె తీసుకురా" అంది.

నాలుగో రోజున నూరా వంటగది గుమ్మం బయట నిలబడే చెప్పింది. "ఈద్ అయ్యాక నీకు టికెట్ తీస్తాం. ఇంటికెళ్ళి చూపించుకో. తగ్గాక రా. ఖలాస్."

తగ్గాక రా అంటే ఏమిటో వీరవేణికి తెలుసు. ఆ వీధిలో అలా వెళ్ళిన ముగ్గురిని ఆవిడే సాగనంపింది. ముగ్గురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఈద్‌కి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ శుక్రవారం మనామాలో, ఉపవాసాలు గనక పొద్దుగూకాకే తెరిచిన తెలుగాయన హోటల్లో, సోమరాజు సంగతంతా విని తల దించుకున్నాడు. "మదాం చెప్పినట్టు వినవే వేణీ. ఎదురు మాట్లాడితే అసలుకే మోసం. ఊరెళ్ళి రెండు నెలలు విశ్రాంతి తీసుకుంటే అదే పోద్ది."

"నేనేం తప్పు చేశానని ఎల్లాలండీ?"

"తప్పని కాదే..."

"తప్పు కాకపోతే ఆ గ్లాసు సబ్బుపెట్టెల పక్కన ఎందుకుంది? నాకున్నది ఏ రోగమో ఒక్క డాక్టరు చెప్పలేదు. మదాం చెప్పింది, మీరు చెప్పేరు, మేరి చెప్పింది. అందరూ చెప్పేవోళ్ళే. నేను కదలను. ఇది అంటుకునే రోగమని డాక్టరు నోటెంట వస్తే ఆ రోజే పెట్టె సర్దుకుంటాను."

సోమరాజు చుట్టూ చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. వెంట వచ్చిన లూర్దుమేరి మాత్రం ఫోన్ తీసి ఒక నంబరు నొక్కింది. తను ప్రార్థనకి వెళ్ళే తెలుగు సహవాసంలో నిస్సీ అని ఒక నర్సుందట, నర్సరావుపేట అమ్మాయి, చర్మవ్యాధుల క్లినిక్‌లోనే డ్యూటీ అట.

నిస్సీ ఫోన్లో మొదట అడిగింది ఊరూపేరూ కాదు. "అక్కా, ఒక దద్దురు లేచిన చోటే ఎంతసేపు ఉంటోంది?"

వీరవేణి తడబడింది. రెండు నెలలుగా గోక్కుంది, ఏడ్చింది, తిట్టుకుంది. ఈ లెక్క మాత్రం చూసుకోలేదు.

"పెన్నుతో దాని చుట్టూ గీత గీయండి. టైం రాయండి. మర్నాడు ఆ గీత లోపల ఏముందో చూడండి. ఫోటో కూడా తీయండి, ఎందుకంటే మీరు డాక్టరు దగ్గరికొచ్చే టైంకి ఒక్కటీ ఉండదు. ఒక పుస్తకం పెట్టి ఏం తిన్నారు, ఏం తాగారు, ఏ మాత్ర వేసుకున్నారు, ఎండలో ఉన్నారా, పొయ్యి దగ్గర ఉన్నారా, బట్టలు ఎక్కడ బిగుతుగా ఉన్నాయి, నిద్ర సరిగా పట్టిందా, అన్నీ రాయండి. ఇంకో మాట. నాలుక వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి కష్టమైనా పుస్తకం పక్కన పడేసి ఎమర్జెన్సీకి పరిగెత్తండి. అప్పుడు ఎవరి పర్మిషనూ అడక్కండి."

"మరి తిండి సంగతి? అన్నీ మానేశాను."

"తిన్న గంటకో రెండు గంటలకో, తిన్న ప్రతిసారీ వచ్చాయా?"

వీరవేణి ఆలోచించింది. "లేదమ్మా. పెరుగన్నం తిన్నా వచ్చాయి."

"అయితే ఎందుకు మానేశారు?" అంది నిస్సీ.

వీరవేణి ఫోన్ పెట్టేసి హోటలాయన్ని కేకేసింది. "ఏవండీ, ఎండు రొయ్యలు వంకాయ కూర ఉందా?"

సోమరాజు మొహం పాలిపోయింది. "ఇప్పుడే ఎందుకే..."

"ఇప్పుడే తింటాను. మీరూ చూద్దురుగాని."

కూర వచ్చింది. మూడు వారాల ఆకలి మీద తింది. నూనె కూడా వదల్లేదు. సోమరాజు తన కంచం ముట్టుకోకుండా ఆవిడ చేతులకేసే చూస్తూ కూచున్నాడు, లూర్దుమేరి జపమాల తీసింది. అరగంటైంది. గంటైంది. సముద్రపు ఒడ్డున బెంచీ మీద కూచున్నారు. రెండు గంటలైంది. ఒక్క చుక్క లేవలేదు. వీరవేణి రెండు చేతులూ చాపి మొగుడి మొహం ముందు అటూ ఇటూ తిప్పింది.

"మూడు వారాలండీ! మూడు వారాలు నన్ను గడ్డి తినిపించేరు," అంది.

మర్నాటి పొద్దున దద్దుర్లు లేచాయి. కానీ ఈసారి వీరవేణి గోక్కోలేదు. పిల్లల డబ్బాలోంచి నీలం పెన్ను తీసుకుని చేతి మీద ఐదు, పిక్క మీద మూడు గీతలు గీసింది. వంటగదిలో పాత కేలండరు వెనకపక్క తెల్ల కాగితాలు కుట్టి పుస్తకం చేసుకుంది. ఏడో క్లాసు వరకే చదివింది, అక్షరాలు కుదురుగా వస్తాయి. "శనివారం. ఆరున్నర. నడుం చుట్టూ, లాగు నాడా ఉన్న చోటే. రాత్రి సరిగా పడుకోలేదు." "ఆదివారం. సమోసాలు వేయించాను, చెమట. మెడ." "సోమవారం. ఏమీ లేదు. గుడ్డు తిన్నాను." అలా రాసుకుంటూ పోయింది.

రాస్తుంటే కొన్ని కారణాలు మొహం చూపించడం మొదలెట్టాయి. నడుం మీద దద్దుర్లు నాడా బిగించిన గీత వెంటే లేస్తున్నాయి. భుజం మీద సామాన్ల సంచీ పట్టీ పడ్డ చోటే. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడ్డ రోజున ఎక్కువ. దాచడానికి బిగించిన ఆ పొడుగు చేతులు, ఆ చున్నీ వల్ల ఇంకా ఎక్కువ. పెదవి వాచిన రోజు గురించి మాత్రం ఎంత తవ్వినా ఏమీ తేలలేదు. ఐదో రోజున నడుం నొప్పికి బిళ్ళ వేసుకోబోతూ, మాత్రలు కూడా రాయమన్న నిస్సీ మాట తలుచుకుని రేకు చేతిలో పట్టుకునే ఆగిపోయింది. ఆ గులాబీ రంగు బిళ్ళలు సోమరాజు క్యాంపులోంచి తెచ్చిచ్చినవి, అక్కడ నొప్పికి అందరూ అవే మింగుతారు. పెదవి వాచడానికి ముందు సాయంత్రం రెండు వేసుకుంది. అంతకు ముందు వీపంతా పొంగిన రోజున కూడా. కళ్ళు మూసుకుని వెనక్కి లెక్కపెట్టింది. రేకులో ఖాళీలు ఆరు, వేసుకున్నప్పుడల్లా రెండేసి. మహా ఎక్కువగా వచ్చిన రోజులు మూడు. రేకుని ఫోటో తీసి నిస్సీకి పంపింది. వెంటనే ఫోన్ మోగింది.

"అక్కా, ఆ బిళ్ళ ఇంక ముట్టుకోకండి. దద్దుర్లున్నవాళ్ళలో కొందరికి ఈ రకం నొప్పి మాత్రలు అగ్గి మీద నెయ్యే. డాక్టరుకి తప్పకుండా చూపించండి."

సోమరాజుకి ఫోన్ చేసి చెప్పింది. "నేనిచ్చిన బిళ్ళలా వేణీ?"

"మీరు నొప్పి తగ్గాలని ఇచ్చేరు. అదేం పుట్టించిందో మీకేం తెలుసు? ఊరుకోండి." తర్వాత కాస్త గట్టిగా అంది, "కానీ ఎండు రొయ్యల మీద వేసిన నింద మాత్రం మీదే."

ఈద్ ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, నూరా టికెట్ కాగితం ప్రింటు తీసుకుని వంటగది గుమ్మం దగ్గరికొచ్చింది. వీరవేణి చేతులు తుడుచుకుని ముందుకొచ్చి రెండు జాకెట్టు చేతులూ భుజాల దాకా ఎత్తింది. చేతుల నిండా నీలం గీతలు, వంకర సున్నాలు, వాటి పక్కన అంకెలు.

నూరా ఒక అడుగు వెనక్కేసింది. "ఏమిటిది?"

"నిన్న పొద్దున ఎనిమిదింటికి గీసినవి మదాం. ఈ గీత లోపల దద్దురు ఉండాలి. ఏది? చూడండి." వచ్చీరాని అరబ్బీలో, మధ్యలో హిందీ కలిపి చెప్పుకుపోయింది. "లోపల తెల్లగా ఉంది. ఒక్కటీ ఒక రోజు నిలవట్లేదు. రోజూ రెండు పూటలా మామా కాళ్ళు పిసుకుతున్నాను. ఈ చేతుల్తోనే. ఆవిడ ఒంటి మీద ఒక్క దద్దురు చూపించండి, ఇప్పుడే పోతాను."

హాల్లో సోఫా మీంచి ముసలావిడ తన పొడుగు గౌను అంచు మోకాళ్ళ దాకా లాగి కాళ్ళు చాపి చూపించింది. "నూరా, చూడు. కీళ్ళనొప్పి తప్ప ఇక్కడేం లేదు."

నూరా మొహం కందిపోయింది. "నువ్వు డాక్టరువా వీణా?"

"కాదు. మీరూ కాదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నేను చెప్పే క్లినిక్‌కే. అక్కడి డాక్టరు అంటుకుంటుందంటే ఈ టికెట్ నా చేతిలో పెట్టండి, కిక్కురుమనను."

మర్నాడు వెళ్ళారు. కారులో నూరా కిటికీ దించే ఉంచింది. డాక్టరు బహ్రెయినీ ఆవిడ, కళ్ళజోడు ముక్కు మీదకి జారుతూంటే ఎగదోసుకుంటూ నూరా వైపు తిరిగి అరబ్బీలో గబగబా మాట్లాడ్డం మొదలెట్టింది. వీరవేణి కుర్చీ ముందుకి జరిపింది.

"డాక్టర్ గారూ, రోగం నాది. నాకు చెప్పండి."

పక్కన నిలబడ్డ నిస్సీ తల వంచుకుని నవ్వాపుకుంది. డాక్టరు ఒక క్షణం ఆగి, కుర్చీ ఇటు తిప్పి, నిదానంగా మాట్లాడింది. నిస్సీ తెలుగులో చెప్పుకొచ్చింది. డాక్టరు ఫోటోలు చూసింది, కేలండరు పుస్తకం అడిగి తీసుకుంది. తెలుగు అక్షరాలు రావు గనక నిస్సీ చేత చదివించుకుని, నాడా దగ్గర, చెమట దగ్గర, గులాబీ బిళ్ళ దగ్గర పెన్సిలుతో టిక్కులు పెట్టింది.

"ఇవి దీర్ఘకాలం వచ్చే దద్దుర్లు. అంటవు. ముట్టుకున్నా అంటవు, ఒకే గ్లాసులో తాగినా అంటవు," అని నూరా వైపు కూడా చూసి చెప్పింది. "నొప్పి మాత్రలు ఆ రకంవి పూర్తిగా మానాలి. బిగుతు, వేడి తగ్గించుకోవాలి. దురద ఉన్నా లేకపోయినా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, వచ్చినప్పుడే వేసుకుంటే చాలదు. లొంగకపోతే నేను మోతాదు మారుస్తాను, మీ అంతట మీరు మార్చకండి. రెండు రక్తపరీక్షలు చేయిద్దాం."

"కానీ అసలు కారణం ఏమిటి?" అంది నూరా.

"బిళ్ళ, బిగుతు, వేడి రేపుతున్నాయి. వాటి కింద అసలు కారణం చాలామందిలో దొరకదు. నెలలు ఉండొచ్చు, ఏళ్ళు ఉండొచ్చు. ఎక్కువమందిలో ఎప్పుడో ఒకప్పుడు వాటంతటవే పోతాయి."

"దొరకదా? మరి..." నూరా వీరవేణి వైపు చూసింది. ఆ చూపులో ఇంకా అనుమానం ఉంది.

వీరవేణి అందుకుంది. "దొరక్కపోతే దొరకలేదనే చెప్పండి మదాం. దొరకనిదానికి నన్ను మాత్రం పూచీ చెయ్యకండి."

నిస్సీ ఆ మాటని అరబ్బీలోకి మార్చడానికి కాస్త తటపటాయించింది గానీ మార్చింది. డాక్టరు మందుచీటీ రాసి, నూరా చాచిన చెయ్యి దాటించి వీరవేణి చేతిలో పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు సగం దారి గడిచాక నూరా అంది, "టికెట్ రద్దు చేయిస్తాను. పాప విషయంలో నాకు కొన్ని రోజులు టైం ఇవ్వు. నాకు భయం పోవాలి."

"పాప మీ పాప మదాం. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు తీసుకోండి. నా కంచం మాత్రం ఇవాళే బీరువాలోకి వస్తాది."

అన్నట్టే ఇంటికెళ్ళగానే స్టోర్ రూంలోంచి కంచం, గ్లాసు, చెంచా తెచ్చి, అందరి గిన్నెలతో కలిపి కడిగి, అందరి గిన్నెల మధ్య బోర్లించింది. ప్లాస్టిక్ బుట్టలో ఉల్లిపాయలు పోసింది. నూరా గుమ్మంలోంచి చూసింది. ఎనిమిదో రోజున పాప గుక్కపట్టి ఏడుస్తుంటే నూరా తనే తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా గదిలోకెళ్ళిపోయింది. సారీ అనలేదు. వీరవేణి ఆ మాట కోసం ఎదురుచూడలేదు గానీ, అనలేదన్న సంగతి మర్చిపోనూ లేదు.

మాత్ర మొదలెట్టిన మూడు వారాలకి దద్దుర్లు వారానికి రెండుసార్లకి దిగాయి. డాక్టరు మోతాదు పెంచాక వారానికోసారి, ఒక్కో వారం అసలు లేవు. పూర్తిగా పోలేదు. రక్తపరీక్షల్లో పెద్దగా ఏమీ తేలలేదు. పొడుగు చేతుల జాకెట్లు రెండూ చింపి తుడుపుగుడ్డలు చేసింది. లాగులకి నాడా తీసి వెడల్పు పట్టీ కుట్టుకుంది. సామాన్ల సంచీ భుజానికి తగిలించుకోవడం మాని చక్రాల బండి అడిగింది. వెంటనే రాలేదు, మూడుసార్లు అడిగాక వచ్చింది. వేపుళ్ళు మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే చల్లపూట చేస్తానంది. అందుకు ఇంటాయన గొణిగాడు. గొణగనిచ్చింది.

జూన్ నెలాఖరున నూరా అత్తగారి తరఫు చుట్టాలు ఐదారుగురు ఆడవాళ్ళొచ్చారు. బయట గాలి ఉడికిన గుడ్డలా మొహానికి అంటుకుంటోంది. ఆ పొద్దున్నే వీరవేణికి దద్దుర్లు లేచాయి, మోచేతి కింద రెండు పెద్దవి, మణికట్టు దగ్గర ఒకటి. పొట్టి చేతుల జాకెట్టుతోనే కహ్వా కెటిలు, చిన్న కప్పులు పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకొచ్చింది. మామాకి ఇచ్చింది. పక్కన కూచున్న లావుపాటి ఆవిడ కప్పు కోసం చెయ్యి చాపి, వీరవేణి చేతి మీద ఎర్ర మచ్చలు చూసి, తన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది. నూరా నోరు తెరవబోయింది.

వీరవేణి ఆవిడకంటే ముందే మాట్లాడింది. "అంటవమ్మా. దద్దుర్లు. రోజూ మందేసుకుంటున్నాను. కాఫీ చల్లారిపోద్ది, తీసుకోండి."

కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ తీసుకోలేదు. తల అటు తిప్పుకుని, తాగనన్నట్టు ఖాళీ చెయ్యి ఊపింది. వీరవేణి ఆ కప్పుని వెనక్కి దాచలేదు, చెయ్యి చున్నీ కింద పెట్టుకోలేదు. కప్పుని పళ్ళెంలో దించి, వీపు నిటారుగా పెట్టి, తర్వాతి ఆవిడ ముందుకి నడిచింది. కెటిలు ఎత్తి నిదానంగా ఇంకో కప్పు నింపి చాపింది.

ఆ తర్వాతి ఆవిడ కప్పు అందుకుని, "ఇది బాగా దురద పెడుతుందా?" అని అడిగింది.

"పెడుతుంది," అంది వీరవేణి. "అయినా పని ఆపను."